పాత మినీకి సస్పెన్షన్ సెట్టింగు: వారమంతా రోడ్డు మీద, అప్పుడప్పుడు ట్రాక్ మీద

మినీ సస్పెన్షన్ మీద డబ్బు పెట్టేవాళ్లలో ఎక్కువమంది మొదట కొనేది హై-లోలు (కారు ఎత్తు మార్చే భాగాలు), రంగురంగుల షాకబ్జర్లు. నిజానికి మొదట కొనాల్సింది నాలుగు నకిల్ జాయింట్లు (బంతి, కప్పు ఉండే కీళ్లు), ఒక సెట్టు బుష్షులు, ఒక గ్రీజు గన్. లూజు ఉన్న కారుకి ఏ సెట్టింగూ నిలవదు. గ్యారేజీలో నిలబెట్టి కొలిచినప్పుడు వచ్చిన అంకె ఒకటైతే, బ్రేకు తొక్కి మలుపులోకి దూరేటప్పుడు చక్రం దగ్గర ఉండే అంకె ఇంకొకటి.

ఇక్కడ చెప్పేది స్ప్రింగుల బదులు రబ్బరు కోన్ ఉన్న మినీ గురించి. ఈ బ్రిటిష్ చిన్న కారును రూపొందించింది అలెక్ ఇస్సిగోనిస్, ఆ రబ్బరు సస్పెన్షన్‌ను రూపొందించింది అలెక్స్ మౌల్టన్. 1959లో మొదలై 2000లో ఆగిపోయేదాకా, మధ్యలో 1964 నుంచి కొన్నేళ్లు వాడిన హైడ్రోలాస్టిక్‌ను (రబ్బరుతో పాటు ద్రవం వాడే సస్పెన్షన్) పక్కన పెడితే, మూలం మారలేదు. హైడ్రోలాస్టిక్ కారు మీ దగ్గరుంటే ఈ లెక్కలు పనికిరావు. దాని ఎత్తు ద్రవం ప్రెషర్‌తో మారుతుంది, పంపు లేకుండా ముట్టుకోకూడదు.

ముందు ఆ యంత్రాంగం సంగతి. చక్రం పైకి లేస్తే అప్పర్ ఆర్మ్ (వెనక అయితే రేడియస్ ఆర్మ్) లీవరులా పనిచేసి, నకిల్ జాయింటు మీద కూర్చున్న అల్యూమినియం ట్రంపెట్‌ను తోస్తుంది. ట్రంపెట్ వెళ్లి రబ్బరు కోన్‌ను నొక్కుతుంది. ఈ లీవరు నిష్పత్తి ముందు దాదాపు 3:1, వెనక 5:1. అంటే ట్రంపెట్ పొడవు 1 మి.మీ. తగ్గిస్తే ముందు కారు దాదాపు 3 మి.మీ., వెనక 5 మి.మీ. దిగుతుంది. హై-లో అంటే మరతో పొడవు మార్చుకునే ట్రంపెట్, అంతే. ఈ నిష్పత్తి తెలియక వెనక హై-లోను ముందు దానిలాగే తిప్పేసి, కారు ముడ్డి నేలకి ఆనుకుందని కంగారుపడేవాళ్లు ఉన్నారు. ఇదే నిష్పత్తి అరుగుదలకీ వర్తిస్తుంది. నకిల్ జాయింటు ప్లాస్టిక్ కప్పు 2 మి.మీ. అరిగితే వెనక ఆ మూల 10 మి.మీ. కుంగుతుంది. ఒక పక్క కుంగిన మినీ కనిపిస్తే కోన్‌ను తిట్టే ముందు కప్పు చూడండి.

లూజు పట్టుకోవడం ఇలా. కారును జాకీ మీద కాదు, స్టాండ్ల మీద పెట్టండి. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఊపు ఆగిపోతే అది వీల్ బేరింగు, ఆగకపోతే స్వివెల్ బాల్ జాయింటు (స్టీరింగుతో చక్రం తిరిగే బంతి కీలు). బాల్ జాయింటు కింద షిమ్ములు తీస్తూ పోతే లూజు పోతుంది. కానీ స్టీరింగు తిప్పి చూస్తే ఎక్కడా పట్టేయకూడదు. బంతి ఒక పక్కే అరిగితే మధ్యలో సరిగ్గా ఉండి చివరల్లో బిగుసుకుంటుంది, అప్పుడు షిమ్ముల ఆట మానేసి కొత్తది వేయడమే. అప్పర్ ఆర్మ్‌లో నీడిల్ బేరింగులు, రెండు పక్కలా థ్రస్ట్ వాషర్లు ఉంటాయి. ఆర్మ్‌ను ముందుకీ వెనక్కీ తోసి చూడండి.

వెనక రేడియస్ ఆర్మ్ దగ్గర మినీ యజమానులు ఎక్కువగా మోసపోతారు. లోపలి చివర నీడిల్ బేరింగు, బయటి చివర కంచు బుష్షు. గ్రీజు నిప్పిల్ బయటి వైపు షాఫ్టుకి ఉంటుంది, లోపలి బేరింగుకి గ్రీజు అందడానికి మధ్యలో ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. రిపేరు చేసినప్పుడు ఆ గొట్టం వేయకపోతే గ్రీజు దారిలోనే ఉండిపోయి లోపలి బేరింగు ఎండిపోతుంది, షాఫ్టు గాట్లు పడుతుంది. చక్రం పైభాగం లోపలికి వాలి కనిపిస్తే "నెగటివ్ క్యాంబర్ వచ్చింది, మంచిదే" అని సంతోషపడకండి. అది చాలాసార్లు అరిగిన షాఫ్టే. కొత్త కంచు బుష్షు నొక్కాక లోపలి బేరింగుతో ఒకే గీతలో ఉండేలా రీమర్ పట్టాలి. ఆ పనిముట్టు లేకపోతే రీకండిషన్ చేసిన ఆర్మ్ కొనడం నయం. కారుకి మొత్తం మీద స్వివెల్స్‌కి నాలుగు, అప్పర్ ఆర్మ్‌లకి రెండు, రేడియస్ ఆర్మ్‌లకి రెండు నిప్పిళ్లు. 5000 కి.మీ.కి ఒకసారి, ట్రాక్ డే (సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజు) అయ్యాక ఒకసారి గ్రీజు కొట్టండి.

సబ్‌ఫ్రేముల (సస్పెన్షన్‌ను మోస్తూ బాడీకి బిగించి ఉండే ఇనుప చట్రాల) మాట. వెనక సబ్‌ఫ్రేము బ్రిటన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి లోపలి నుంచి కుళ్లుతుంది. రేడియస్ ఆర్మ్ బ్రాకెట్ల చుట్టూ, సైడ్ మెంబర్ల కింద స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడండి. దిగితే అలైన్‌మెంట్ ఆలోచన అక్కడితో ఆపేయాలి. ముందు సబ్‌ఫ్రేము 1976 దాకా బాడీకి నేరుగా బిగించి ఉండేది, ఆ తర్వాత మధ్యలో రబ్బరు మౌంటులు వచ్చాయి. ఆ రబ్బర్లు మెత్తబడితే మలుపులో సబ్‌ఫ్రేమే పక్కకు జరుగుతుంది. వాటి బదులు అల్యూమినియం సాలిడ్ మౌంటులు వేస్తే స్టీరింగు సూటిగా వస్తుంది, కాకపోతే గేర్‌బాక్సు మోత మొత్తం కారులోకి దిగుతుంది. వారమంతా నడిపే కారుకి గట్టి పాలీ (పాలీయూరెథేన్) మౌంటులు చాలు.

బుష్షుల్లో లోయర్ ఆర్మ్ లోపలివి, టై రాడ్ ముందువి ముఖ్యం. టై రాడ్ లోయర్ ఆర్మ్ నుంచి ముందుకు వెళ్లి సబ్‌ఫ్రేము మూతిలో బిగుసుకుంటుంది. బ్రేకు తొక్కితే చక్రం వెనక్కి పోకుండా పట్టి ఉంచేది అదొక్కటే. దాని రబ్బరు అరిగితే బ్రేకు మీద క్యాస్టర్ (చక్రం స్టీరింగుతో తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) పడిపోయి కారు ఇటూ అటూ వెతుక్కుంటుంది. ఇక్కడ పాలీ మంచిదే, అయితే అన్నిటికన్నా గట్టి రకం వద్దు. చక్రం లేస్తూ దిగుతూ ఉంటే రాడ్ కాస్త కోణం మారాలి, అది మారనివ్వకపోతే రాడ్ వంగుతుంది లేదా సబ్‌ఫ్రేము దగ్గర రేకు పగులుతుంది. కారును ఇంకో బండితో లాగించడానికి తాడు టై రాడ్‌కి కట్టే పాపం ఎవరో ఒకరు ఏదో ఒక కాలంలో చేసే ఉంటారు కాబట్టి, రెండు రాడ్లూ విప్పి అద్దం మీద దొర్లించి చూడండి. రబ్బరు బుష్షులే వాడుతుంటే లోయర్ ఆర్మ్ పిన్ను నట్టు చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే చేయాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి కొన్నాళ్లకే చిరుగుతుంది.

ఇక ఎత్తు. కోన్ పాతదైతే మొదట కోన్ మార్చండి. దశాబ్దాల పాటు నలిగిన రబ్బరు రాయిలా తయారై ఉంటుంది, దాని మీద ఎంత ఖరీదైన షాకబ్జరు పెట్టినా కారు గెంతుతూనే ఉంటుంది. ముందు వైపు కోన్ తీయాలంటే సబ్‌ఫ్రేము టవరు పైనుంచి కోన్‌లోకి మరబిగించే కంప్రెసర్ పనిముట్టు తప్పనిసరి. వెనక దానికి అది అక్కర్లేదు, షాకబ్జరు విప్పి ఆర్మ్ దించితే ట్రంపెట్ చేతికొస్తుంది. ఎడమ వెనక షాకబ్జరు పై నట్టు పెట్రోలు ట్యాంకు వెనక దాక్కుని ఉంటుంది. స్ట్రాపు విప్పి ట్యాంకును పక్కకి జరిపితే గానీ పానా పట్టదు. కొత్త కోన్‌లు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో బాగానే కుంగుతాయి. అందుకే వేసిన రోజే ఎత్తు లెక్క తేల్చేయకుండా, కాస్త ఎత్తుగా పెట్టి నడిపి, కుంగాక సెట్ చేయండి.

కాయిల్ స్ప్రింగు మార్పిడి కిట్ల గురించి అడిగేవాళ్లకి ఒక్క మాట. కోన్ నొక్కేకొద్దీ గట్టిపడుతుంది, మామూలు కాయిల్ మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టితనంతో ఉంటుంది. పట్నం రోడ్డు మీద కాయిల్ హాయిగా ఉంటుంది, ట్రాక్ మీద అదే మెత్తని కాయిల్ ఒరిగిపోయి బంప్ స్టాప్ (చక్రం కదలికకి చివర అడ్డుపడే రబ్బరు) మీద కూర్చుంటుంది. రెండు పనులూ ఒకే కారు చేయాలంటే రబ్బరే మేలని మా అభిప్రాయం.

ఎంత దించాలి? వీల్ ఆర్చ్ అంచుకీ టైరుకీ మధ్య ఖాళీ చూసి కాదు, లోయర్ ఆర్మ్ చూసి నిర్ణయించండి. డ్రైవరు కూర్చున్నాక లోయర్ ఆర్మ్ నేలకు సమాంతరంగా గానీ, బయటి చివర కొద్దిగా కిందికి గానీ ఉండాలి. బయటి చివర పైకి లేచిందంటే రోల్ సెంటర్ (మలుపులో కారు ఒరగడానికి కేంద్రమైన బిందువు) బాగా కిందికి పోయి, దించిన కారే ఎక్కువ ఒరుగుతుంది. దాన్ని ఆపడానికి ఇంకా గట్టి షాకబ్జర్లు, ఇంకా లావు యాంటీ రోల్ బారు (కారు ఒరగకుండా పట్టే కడ్డీ) అంటూ ఖర్చు పెరుగుతూ పోతుంది. పైగా బంప్ స్టాప్ దాకా ఖాళీ ఉండదు. బ్రిటన్‌లో స్పీడ్ హంపు 100 మి.మీ. ఎత్తు దాకా ఉండవచ్చు, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు చాలాసార్లు ఏ హద్దునూ పాటించవు. ఎగ్జాస్టు మానిఫోల్డు కింద అంగుళం ఖాళీతో తిరిగే మినీని చూసి ముచ్చటపడొచ్చు గానీ నడపలేం.

బంప్ స్టాప్ దాకా ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి గోధుమపిండి ముద్ద చాలు. స్టాప్ మీద 25 మి.మీ. మందాన అంటించి, ఎప్పుడూ వెళ్లే గతుకుల దారిలో ఒక చుట్టు తిరిగి రండి. ముద్ద పూర్తిగా చదునైతే కారును పైకెత్తాలి. స్టాప్ రబ్బరును సగం కోసేయడం చాలామంది చేస్తారు. కొద్దిగా కోయొచ్చు, పూర్తిగా తీసేస్తే గుంతలో పడినప్పుడు దెబ్బ సబ్‌ఫ్రేముకి తగులుతుంది.

దించిన కారుకి పొట్టి షాకబ్జర్లు కావాలి. మామూలు పొడవువి ఉంచేస్తే పిస్టన్ అడుగుకి తగిలి చితుకుతుంది. వెనకైతే ఇంకో చిక్కు ఉంది. చక్రం ఎంత దాకా వేలాడాలో అక్కడ ఆపేది షాకబ్జరే. అది పొడవుగా, ట్రంపెట్ పొట్టిగా ఉంటే జాకీ ఎత్తినప్పుడు నకిల్ బంతి కప్పులోంచి జారుతుంది. చూసుకోకుండా దించితే బంతి కప్పు అంచు మీద కూర్చుని దాన్ని పగలగొడుతుంది. ఎప్పుడు జాకీ ఎత్తినా దించే ముందు బంతి కప్పులో ఉందో లేదో వేలితో తడిమి చూడండి.

ఎత్తు కుదిరాకే జామెట్రీ (చక్రాల కోణాల సెట్టింగు). ఈ వరుస తిరగేస్తే పని రెండుసార్లు చేసుకోవాలి, ఎందుకంటే ఎత్తు మారితే క్యాంబరూ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం), టోయూ (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) రెండూ మారతాయి.

ఫ్యాక్టరీ అంకెలు ఇవి: ముందు క్యాంబర్ 1 నుంచి 3 డిగ్రీల పాజిటివ్, క్యాస్టర్ 3 డిగ్రీలు, ముందు టో-అవుట్ 1.6 మి.మీ., వెనక క్యాంబర్ 1 డిగ్రీ పాజిటివ్, వెనక టో-ఇన్ 3.2 మి.మీ. సన్నని క్రాస్‌ప్లై టైర్ల కాలానికి తగిన అంకెలు. ఈనాటి 165/70 ఆర్10 టైరుకి ముందు పాజిటివ్ క్యాంబర్ ఉంటే మలుపులో బయటి భుజం ఒక్కటే పనిచేస్తుంది, కారు ముక్కు బయటికి తోసుకుపోతుంది.

రోడ్డుకీ ట్రాక్‌కీ కలిపి వాడే కారుకి ముందు క్యాంబర్ మైనస్ 1.5 డిగ్రీలు సరిపోతుంది. మామూలు దానికన్నా పొడవైన, 1.5 డిగ్రీల నెగటివ్ ఇచ్చేలా చేసిన స్థిర లోయర్ ఆర్మ్‌లు దొరుకుతాయి, లోపలి బుష్షు మామూలుదే. రోజ్ జాయింట్ల (రబ్బరు లేని లోహపు బంతి కీళ్ల) ఆర్మ్‌లతో ఎంత కావాలంటే అంత తిప్పుకోవచ్చు గానీ, వానలో ఉప్పు నీళ్లలో తిరిగే కారుకి ఆ జాయింట్లు త్వరగా కొట్టుకోవడం మొదలెడతాయి. ట్రాక్ మాత్రమే అయితే 2 నుంచి 2.5 దాకా వెళ్లొచ్చు. రోడ్డు మీద అంత పెడితే టైరు లోపలి అంచు తినేస్తుంది, తడి రోడ్డు మీద సూటిగా బ్రేకు వేసేటప్పుడు పట్టు తగ్గుతుంది.

స్థిర ఆర్మ్‌లతో రెండు పక్కలా ఒకే అంకె వస్తుందని నమ్మకండి, పాత బాడీలు అంత నిక్కచ్చిగా ఉండవు. అరడిగ్రీ తేడా ఉంటే ఒక పక్క అడ్జస్టబుల్ ఆర్మ్ వేయక తప్పదు. పొడవైన ఆర్మ్ వేయగానే టో-అవుట్ పెరుగుతుంది. స్టీరింగు ర్యాక్ ఇరుసుకి వెనక ఉండటం వల్ల, హబ్ బయటికి జరిగినా వెనక భాగాన్ని ట్రాక్ రాడ్ పట్టి ఉంచుతుంది, చక్రం ముందు భాగం బయటికి తిరుగుతుంది. కాబట్టి ఆర్మ్ వేసిన రోజే టో సరిచేయకుండా కారు బయటికి తీయవద్దు.

క్యాస్టర్ టై రాడ్ పొడవుతో వస్తుంది. రాడ్ పొట్టి చేస్తే లోయర్ ఆర్మ్ ముందుకు జరిగి క్యాస్టర్ పెరుగుతుంది. 4 డిగ్రీల దగ్గర స్టీరింగుకి మంచి పట్టు, తనంతట తాను మధ్యకొచ్చే గుణం వస్తాయి. 5 దాటితే స్టీరింగు బరువెక్కుతుంది, లాభం పెద్దగా ఉండదు. అంకె కన్నా రెండు పక్కలా సమానంగా ఉండటం ముఖ్యం. కారు ఎప్పుడూ క్యాస్టర్ తక్కువ ఉన్న పక్కకి లాగుతుంది. చదునైన రోడ్డు మీద వదిలితే ఎడమకి పోతోందంటే టైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే ఎడమ క్యాస్టర్ కొలవండి.

వెనక సెట్టింగు కోసం రేడియస్ ఆర్మ్ బయటి బ్రాకెట్ అడ్జస్టబుల్ రకం వేయాలి. షాఫ్టు బయటి చివరను పైకి జరిపితే నెగటివ్ క్యాంబర్, ముందుకి జరిపితే టో-ఇన్. మైనస్ అర డిగ్రీ క్యాంబర్, మొత్తం 1.6 మి.మీ. టో-ఇన్ పెట్టండి. ట్రాక్ వాళ్లు టో సున్నా దాకా తెస్తారు, అప్పుడు వెనక చక్రాలు మలుపుకి సాయం చేస్తాయి. రెండు పక్కలా కచ్చితంగా కొలవగలిగితేనే ఆ ప్రయత్నం చేయండి. కొలతలో తేడాతో ఒక చక్రం టో-అవుట్‌లోకి పోతే, తడి రోడ్డు మీద యాక్సిలరేటరు వదలగానే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది.

కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. నాలుగు చక్రాల కిందా నేల ఒకే మట్టంలో ఉండేలా పలకలు సర్దండి. ముందు చక్రాల కింద గ్రీజు రాసిన రెండు పాలిథీన్ షీట్లు పెడితే చక్రం ఒత్తిడి లేకుండా జరుగుతుంది. జాకీ దించాక కారును కొన్ని మీటర్లు ముందుకీ వెనక్కీ తోసి, నాలుగు మూలలా నొక్కి వదిలాకే కొలవాలి. డ్రైవరు సీట్లో మీ బరువంత బియ్యం బస్తాలో, మరేదో ఉండాలి. టో కోసం రెండు పక్కలా హబ్ ఎత్తులో దారం లాగండి. మినీకి వెనక ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) ముందు దానికన్నా మామూలుగా 40 మి.మీ. తక్కువ. దారాన్ని నాలుగు హబ్‌లకీ సమాన దూరంలో పెడితే అది కారుకి సమాంతరంగా ఉండదు, వెనక హబ్ నుంచి 20 మి.మీ. ఎక్కువ దూరం ఇవ్వాలి. మీ రిమ్ములు ఫ్యాక్టరీవి కాకపోతే మొదట ట్రాక్ కొలిచి లెక్క వేసుకోండి. క్యాంబర్ కోసం నిలువు మట్టం పెట్టి రిమ్ము పై అంచుకీ కింది అంచుకీ తేడా తీసుకుంటే, అంచుల మధ్య 280 మి.మీ. ఉన్నప్పుడు ఒక డిగ్రీ అంటే దాదాపు 4.9 మి.మీ.

బంప్ స్టీర్ (చక్రం లేస్తూ దిగుతూ ఉంటే టో మారడం) చూసేవాళ్లు తక్కువ, చూడాల్సినవాళ్లు ఎక్కువ. దించిన మినీ గతుకు మీద తనంతట తాను దారి మార్చుకుంటుంటే ఇదే కారణం. ట్రంపెట్ తీసేసి, చక్రాన్ని జాకీతో కిందనుంచి పైదాకా కదుపుతూ 10 మి.మీ.కి ఒకసారి టో కొలవండి. ర్యాక్ నేల రేకు మీద యు-బోల్టులతో కూర్చుంటుంది, కింద షిమ్ములు వేసి ఎత్తు మార్చవచ్చు. పూర్తిగా పోదు. కారు నడిచే ఎత్తుకి 25 మి.మీ. పైనా కిందా మార్పు కనీసంగా ఉంటే చాలు.

మూలల బరువు (ఒక్కో చక్రం మీద పడే బరువు) తూచే త్రాసులు అద్దెకి దొరికితే ఒకపూట కేటాయించండి. ఉదాహరణకి డ్రైవరుతో కలిపి ముందు ఎడమ 222, ముందు కుడి 240, వెనక ఎడమ 138, వెనక కుడి 140 కిలోలు అనుకుందాం, మొత్తం 740. ఐమూలగా ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 378, అంటే 51 శాతం. 50కి తేవాలంటే ముందు కుడి హై-లోను పావు చుట్టు దించండి, లేదా ముందు ఎడమను పావు చుట్టు లేపండి, మళ్లీ తూచండి. కుడి, ఎడమ బరువులను హై-లోతో సమానం చేయలేరు, దానికి బ్యాటరీయో సీటో జరపాలి. కుడివైపు స్టీరింగు ఉన్న కారులో ఎడమ పక్క ట్యాంకు ఉండటం మనకి కలిసొచ్చే విషయం. ట్రాక్ రోజు ఎంత పెట్రోలుతో నడుపుతారో అంతతోనే తూచండి.

షాకబ్జర్ల దగ్గర అందరూ చేసేది ఒకటే, ఎక్కువ బిగించడం. రబ్బరుకి సొంతంగా కొంత ఊపును మింగే గుణం ఉంది, అందుకే కాయిల్ కారుకి కావాల్సినంత డ్యాంపింగ్ దీనికి అక్కర్లేదు. అడ్జస్టబుల్ షాకబ్జరును పూర్తి మెత్తనకి తిప్పి మొదలుపెట్టండి. గతుకు దాటాక ముందు భాగం ఒక్కసారికి మించి ఊగుతుంటేనే రెండు క్లిక్కులు పెంచండి. వెనక ఎప్పుడూ ముందు కన్నా మెత్తగా ఉండాలి, అక్కడ బరువే లేదు. మలుపు మధ్యలో గతుకు తగిలి వెనక భాగం పక్కకి గెంతితే వెనక గట్టి ఎక్కువైనట్టు. ట్రాక్‌కి రెండు మూడు క్లిక్కులు పెంచి, ఇంటికొచ్చే ముందు తగ్గించుకోండి.

ముందు ఇన్ని చేసినా ముక్కు బయటికి పోతుంటే అప్పుడు వెనక యాంటీ రోల్ బారు గురించి ఆలోచించవచ్చు. ఫ్యాక్టరీ మినీకి అది ఉండదు. సన్నది, రంధ్రాలు మార్చుకుని గట్టితనం సర్దుకునేది తీసుకోండి. మలుపులో లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, ముందు చక్రాలు లాగే కారుకి అదేం తప్పు కాదు. వాన రోజు మాత్రం బారు లింకు ఒక పక్క విప్పేయండి, రెండు నిమిషాల పని.

టైర్ల గాలి ముందు 28, వెనక 26 పీఎస్‌ఐతో చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ట్రాక్ మీద నాలుగైదు ల్యాపుల్లో ఇది 4 నుంచి 6 పీఎస్‌ఐ పెరుగుతుంది. పిట్స్‌లోకి రాగానే టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడి కొలవండి. మధ్య ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువ. లోపలి అంచు బయటి దానికన్నా 5 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉంటే క్యాంబర్ సరిపోయినట్టు, బయటి అంచే వేడిగా ఉంటే ఇంకా నెగటివ్ కావాలి. ట్రాక్ దగ్గర గాలి వదిలి ఉంటే ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ కొట్టుకోవడం మర్చిపోవద్దు, చల్లారాక మొదటికన్నా తక్కువకి పడిపోతుంది.

మొదటి ట్రాక్ డే తర్వాత టై రాడ్ నట్లు, లోయర్ ఆర్మ్ పిన్నులు, వెనక బ్రాకెట్ బోల్టులు, సబ్‌ఫ్రేము టవరు బోల్టులు అన్నీ టార్క్ పానాతో మళ్లీ చూడండి. పాలీ బుష్షులు కూర్చున్నాక ఎక్కడో ఒకచోట కాస్త వదులవుతుంది. హై-లో మరలకి వేసే ముందే రాగి గ్రీజు దట్టంగా పూసి, వెనక వాటి చుట్టూ పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగి రెండు పక్కలా బిగించండి. అది లేకపోతే ఒక్క చలికాలం ఉప్పుకే మర పట్టేసి, తర్వాత ఎత్తు మార్చాలంటే ట్రంపెట్ మొత్తం బయటికి తీయాల్సి వస్తుంది.